జిరాక్స్ గదిలో కండ్లమంట

మా వైపు ఓర్వలేనితనానికి కండ్లమంట అని పేరు. దానికి కండ్లమంట ఎక్కువ అని నా గురించి మా అత్తమ్మ అనేది, వాడకట్టు ఆడవాళ్ళు అనేవారు, ఆఖరికి కన్నతల్లి కూడా అన్నది. అననీ. నాది నాకు కావాలి. నాదాన్ని ఇంకొకరు అనుభవిస్తుంటే చేతులు కట్టుకుని చూసే పుటక కాదు నాది. చిన్నప్పుడు జోగిపేట అంగట్లో మా అక్కకు కొన్న గాజులు నా గాజుల కంటే మెరుస్తున్నాయని బస్సు ఎక్కేదాకా ఏడ్చానట. ఆ ఏడుపు నాకు గుర్తులేదు. ఆ గాజులు మాత్రం గుర్తున్నాయి, నిజంగానే మెరిసేవి.

ఇప్పుడు చెప్పబోయేది గాజుల సంగతి కాదు, నా మొగుడి కన్నీళ్ళ సంగతి. అవి నాకు రావాల్సినవి. వాటిని ఇంకొకతె ఎత్తుకుపోతున్నదని నేను ఒక చలికాలమంతా కుతకుత ఉడికిపోయాను.

తొంభైల మొదట్లో మేమిద్దరం ఒకే కంపెనీలో పనిచేసేవాళ్ళం. నా మొగుడు నాకు మేనబావే. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. పటాన్‌చెరు నుంచి జిన్నారం వైపు పోయే దారిలో ఉండేది ఆ మందుల కంపెనీ. చిట్కుల్‌లో ఒక గది, చిన్న వంటిల్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. నేను బీయెస్సీ కెమిస్ట్రీ, ల్యాబ్‌లో పని. బావది కాగితాల సెక్షన్. ఏ మందు ఎట్లా తయారైందో అడుగడుగునా రాసిన కాగితాలు ఉంటాయి, వాటిని సర్ది దాచాలి. విదేశాల నుంచి కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారంటే వాటన్నిటికీ నకళ్ళు తీయించాలి. ఆ రోజుల్లో వాళ్ళు ఎప్పుడూ వస్తూనే ఉండేవాళ్ళు.

పటాన్‌చెరులో బస్సు దిగిన కొత్తవాళ్ళు కొంగుతోనో రుమాలుతోనో ముక్కు మూసుకునేవాళ్ళు. మేం మూసుకునేవాళ్ళం కాదు. ఏ వాసన వస్తున్నదో చూసి గాలి ఎటు తిరిగిందో చెప్పేవాళ్ళం. అంత ముక్కున్న దాన్ని నేను.

మా కంపెనీ లోపల డ్రమ్ముల నిండా ద్రావకాలు ఉండేవి, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటాయి. అందుకని లోపలి గేటు దగ్గర వాచ్‌మన్ ముందు ఒక రేకు డబ్బా పెట్టేవారు. అగ్గిపెట్టెలు, బీడీకట్టలు, సిగరెట్లు అన్నీ అందులో వేసి పోవాలి. ఆఫీసు బిల్డింగ్ ఒక్కటే ఆ గేటుకు ఇవతల ఉండేది, కాబట్టి పొగ తాగేవాళ్ళకు అదే దిక్కు. వరండాలో తాగితే వచ్చిపోయేవాళ్ళు చూస్తారని మేనేజర్ కసిరేవాడు. ఇక మిగిలింది జిరాక్స్ గది. మిషన్ వేడెక్కకుండా అందులో ఏసీ పెట్టారు, కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది, దాని మీద ఒక మందపాటి పరదా. ఆ పరదా కొన్నప్పుడు తెల్లదట. నేను చూసేనాటికి చాయ్ రంగు.

ఆ గదిలో కుర్చీ టైపిస్టు అమ్మాయిది. టైపు కొట్టేది ఆమే, జిరాక్స్ తీసేది ఆమే. సంగారెడ్డి నుంచి రోజూ వచ్చిపోయేది. పెళ్ళి కాలేదు. పెద్ద కళ్ళు, వాటి నిండా కాటుక. బావకు పొద్దస్తమానం పని ఆ గదిలోనే.

ఆ ఏటి వానాకాలంలో మా పాప పోయింది. బోర్లపడటం కూడా రాని పసిగుడ్డు. జ్వరం వచ్చింది, తగ్గలేదు. మాలో పసిపిల్లలను పూడ్చిపెడతారు, తల్లి అక్కడికి పోకూడదంటారు. బావ పాపను తెల్లగుడ్డలో చుట్టి రెండు చేతుల మీద ఎత్తుకుని పోయాడు. తిరిగి వచ్చి నల్లా కింద కూర్చుని నెత్తి మీద నీళ్ళు వదిలాడు. ఎవరో సిగరెట్ ఇస్తే గడప మీద కూర్చుని వెలిగించాడు. అంతకుముందు అతనికి ఆ అలవాటు లేదు, ఆ రోజు నుంచి పట్టుకుంది. నేను గోడకు తల కొట్టుకుంటుంటే లోపలికి వచ్చి ఊకో అన్నాడు. అతని కంట్లో చుక్క నీరు లేదు. ఆ రోజు లేదు, పదకొండో రోజు లేదు, ఆ తర్వాతా లేదు.

మొగవాళ్ళు అంతే, లోపల్లోపల కుములుతారు అని పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు నాకు సర్దిచెప్పేవాళ్ళు. కుమిలితే ఎవరికి తెలుస్తుంది? నాకు కనబడాలి కదా. ఇద్దరం కన్న బిడ్డకు నేనొక్కదాన్నే ఏడిస్తే అది సగం ఏడుపే. నాకూ అంతకుముందు కాటుక పెట్టుకునే అలవాటు ఉండేది. పాప బుగ్గకు, అరికాలికి దిష్టిచుక్క పెట్టి, వేలికి మిగిలింది నా కళ్ళకు రాసుకునేదాన్ని. పాప పోయాక ఆ డబ్బీ మూత తీయలేదు.

సాయంత్రం కంపెనీ బస్సు ఆఫీసు ముందు ఆగేది. నేను ల్యాబ్ నుంచి వచ్చి ముందు సీట్లో కూర్చుంటే ఆఫీసు తలుపు ఎదురుగా కనబడేది. చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం బావ ఆ తలుపులోంచి బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెప్పలు తడిగా ఉన్నాయి. ముంజేత్తో తుడుచుకుంటున్నాడు. ఏమైందో అని నేను సీట్లోంచి లేవబోయాను. ఈలోగా అతని వెనకే ఆ పిల్ల వచ్చింది. ఆమె కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. కాటుక కరిగి చెంపల దాకా కారింది.

లేవబోయినదాన్ని మళ్ళీ సీట్లో కూర్చున్నాను.

మర్నాడూ అంతే. ఆ వారమంతా చూశాను, ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ. వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ బయటికి వస్తే నేను ఇంత పరేషాన్ అయ్యేదాన్ని కాదు. నవ్వు ఎవరితోనైనా నవ్వొచ్చు. ఏడుపు అట్లా కాదు, అది ఇంటి మనిషి ముందే ఏడవాలి. నా ముందు రాలని చుక్క ఆ పిల్ల ముందు రాలుతున్నది. అతను మా పాప గురించి ఆమెకు చెప్తున్నాడు. ఎట్లా పిడికిలి బిగించేదో, పాలు తాగుతూ ఎట్లా నిద్రపోయేదో చెప్తున్నాడు. ఆమె ఆ పెద్ద కళ్ళు ఇంతింత చేసుకుని విని, తానూ ఏడుస్తున్నది. నా బిడ్డకు ఏడవడానికి ఆమె ఎవరు? ఈ మాట నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేశాను, ల్యాబ్‌లో పరీక్షనాళికలు పగలగొట్టాను, పక్కింటామె మీ ఆయన మంచోడమ్మా అంటే ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు.

ఆదివారం బట్టలు ఉతుకుతుంటే బావ రుమాలు చేతికి వచ్చింది. దాని మీద కాటుక మరక. సబ్బు పెట్టి రుద్దుతుంటే అది పోదు, ఇంకా పాకుతున్నది. తడి రుమాలు అట్లాగే పట్టుకుపోయి అతని ముందు పెట్టాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడనుకుంటే ఏమీ తడబడలేదు. ఆ పిల్లకు కళ్ళల్లో నీళ్ళు వస్తుంటే ఇచ్చానన్నాడు. ఆమెకు ఎందుకు వచ్చాయంటే పొగకు అన్నాడు. మరి నీకు అంటే, నాకూ పొగకే అన్నాడు.

నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. నాకు కథలు చెప్తే నడుస్తుందా? ఆ సాయంత్రమే పరీక్ష పెట్టాను. చలి అని తలుపు వేశాను, కిటికీ వేశాను. ఏనాడూ ఇంట్లో సిగరెట్ ముట్టనీయని దాన్ని, ఇక్కడే తాగు బావా, బయట మంచు పడుతున్నది అన్నాను. అతను నన్ను వింతగా చూసి వెలిగించాడు. ఒకటి అయింది, ఇంకొకటి వెలిగించాడు. నేను ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు అతని కళ్ళలోకి చూస్తున్నాను. గది నిండా పొగ. నాకు దగ్గు వచ్చింది. అతని కళ్ళు కొద్దిగా చెమర్చాయి అంతే, ఎర్రబడలేదు, చుక్క కారలేదు.

"ఇంట్ల తాగితే మండని కండ్లు ఆడ తాగితెనే మండుతయా బావా?"

సిగరెట్ నలిపేసి బయటికి పోయాడు.

ల్యాబ్‌లో మేం చేసేది అదే. ఒక్కొక్కటే తీసేస్తూ పోతాం, చివరికి మిగిలిందే కారణం. పొగ ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. మనిషీ అతనే. ఇక్కడ లేనిది, అక్కడ ఉన్నది ఏమిటి? ఆ పిల్ల. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నా లెక్కలో పొగ కాదని తేలిపోయింది, మిగిలింది నిప్పే.

అట్లా నేను నా తీర్పు నేను ఇచ్చుకుని కూర్చుంటే, ఒక పొద్దున ఆ పిల్లే నడుచుకుంటూ ల్యాబ్‌లోకి వచ్చింది. కళ్ళకు కాటుక లేదు. రెప్పలు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, కండ్లు మస్తు మండుతున్నయ్" అన్నది.

నా చేతిలో గాజుగొట్టం ఉంది. దాన్ని మెల్లగా స్టాండుకు పెట్టాను. మొగుణ్ణి గుంజుకున్నది చాలక, నా ముఖం మీదే నన్ను కండ్లమంట దానివని ఎత్తిపొడవడానికి వచ్చిందా ఇది?

"ఎవరియి?" అన్నాను.

"నాయే అక్కా."

"నాకైతే మండుతలేవు."

నా మాటలోని కారం ఆమెకు తగల్లేదు. స్టూలు లాక్కుని కూర్చుని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. ఎవరైనా సిగరెట్ తాగుతున్నప్పుడే అయితే ఓర్చుకునేదట. ఎవరూ లేని పొద్దుటిపూట కూడా మిషన్ పెట్టి ఒక కట్ట కాగితాలు తీసేసరికి మొదలవుతుందట. మిషన్ ఆపి టైపు కొట్టుకుంటే మెల్లగా తగ్గుతుందట. చుక్కల మందు వేసింది, ఆముదం రాసింది, దర్గాకు పోయి తాయెత్తు కూడా కట్టించుకుంది, ఏదీ పనిచేయలేదు. వచ్చే వారం పెళ్ళిచూపులు. ఈ కళ్ళు వేసుకుని ఎట్లా కూర్చోవాలి అని ఆమె బెంగ. సారును అడిగితే, మా ఇంట్లో ఆమెది చురుకు ముక్కు, ల్యాబ్‌లో చేస్తుంది, ఆమెను అడుగు అని పంపించాడట.

సారు అంటే మా బావ. అతనే పంపించాడు. తేలు కుట్టిన దొంగ ఎవరైనా ఇంటావిడ దగ్గరికే మందుకు పంపుతాడా? నా గుండెలో రాయి కొద్దిగా కదిలింది, కానీ దిగలేదు. పెళ్ళిచూపుల మాట మాత్రం నాకు తీపిగా వినబడింది, అబద్ధం ఎందుకు.

అన్నం వేళ ఆమెతోపాటు ఆ గదికి పోయాను. ఒకే కాగితానికి బోలెడు నకళ్ళు పెట్టించి మిషన్ నడిపించాను. ఆమెను చాయ్ తెమ్మని క్యాంటీన్‌కు పంపి తలుపు వేసుకుని కూర్చున్నాను. మిషన్ లోపల వెలుగు అటూ ఇటూ పోతున్నది, కాగితాలు పడుతున్నాయి. సిగరెట్ తాగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా వాసన ఉంది. పరదాకు, గోడకు, ఏసీ జాలీకి పట్టి ఉన్న పాత పొగ వాసన. మిషన్ వెనక్కి ముక్కు పెడితే ఇంకో వాసన తగిలింది, వెల్డింగ్ చేసే చోట, పిడుగు పడిన తర్వాత వచ్చే ఘాటు. అది ఓజోన్ అని నాకు తెలుసు. కొద్దిసేపటికి మూడో వాసన వచ్చింది. ల్యాబ్‌లో ఫార్మలిన్ సీసా మూత తీస్తే ముక్కును కొరికే వాసన. సీసా లేని గదిలో ఆ వాసన ఎక్కడిది అనుకునేలోగా నా కళ్ళు భగ్గుమన్నాయి.

డిగ్రీలో మా లెక్చరర్ బోర్డు మీద రెండు కార్బన్లు రాసి, వాటి మధ్య రెండు గీతలు గీసి, సుద్దముక్కతో ఆ గీతల మీద టకటక కొట్టేవాడు. ఇద్దరు మనుషులు రెండు చేతులూ పట్టుకున్నట్టు ఉంటుంది జంటబంధం, ఓజోన్‌కు అది కనబడితే ఆగదు, విడగొట్టేస్తుంది అనేవాడు. సిగరెట్ పొగలో అట్లాంటి జంటలు కొల్లలు. పొగ కంటికి కనబడటం మానేసిందంటే పోయిందని కాదు. కొంత గాలిలోనే తిరుగుతుంది. నికోటిన్ లాంటివి పరదాకూ గోడకూ అతుక్కుని, మెల్లగా మళ్ళీ గాలిలోకి లేస్తుంటాయి. జిరాక్స్ మిషన్‌లో గట్టి కరెంటు పారే సన్నతీగ ఉంటుంది. దాని పక్కన గాలి ఓజోన్ అవుతుంది. మూసిన గదిలో ఆ ఓజోన్ ఈ పొగ మీద పడి జంటలను తెంపుతుంది. తెగిన ముక్కల్లో ఒకటి ఫార్మాల్డిహైడ్, ఫార్మలిన్‌లో ఉండేది అదే. ఇంకొన్ని ముక్కలు ఒకదానికొకటి అంటుకుని, కంటికి ఆననంత సన్న నలుసులవుతాయి. పొగ ఒక్కటే ఉంటే మా ఇంట్లోలా కళ్ళు కొద్దిగా చెమర్చి ఊరుకుంటాయి. రెండూ కలిస్తే ఆ రెండింటిలో లేని మూడోది పుడుతుంది.

ఇక్కడ లేనిది, అక్కడ ఉన్నది. మా ఇంట్లో జిరాక్స్ మిషన్ లేదు కదా! అంత పెద్ద డబ్బా గది మధ్యలో గుర్రుమంటుంటే నాకు కనబడింది మాత్రం ఆ పిల్ల కాటుక. జంటను చూసి ఓర్వలేని ఆ ఓజోన్ నాకు దగ్గరి చుట్టమే అయి ఉండాలి.

సంతోషపడాలి. పడ్డాను కూడా, ఒక్క ఊపిరి సేపు. ఆ వెంటనే ఇంకో మంట అందుకుంది. ఆ కన్నీళ్ళు పొగవైతే బావ ఎవరి ముందూ ఏడవలేదు. అంటే నా బిడ్డకు అసలు ఏడవనేలేదు. ఆ పిల్ల దగ్గర ఉన్నాయనుకున్నన్నాళ్ళూ కనీసం ఎక్కడో ఒకచోట ఉన్నాయి కదా, తగువుపడి గుంజుకోవచ్చు అనుకున్నాను. ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. నాకు అంతకుముందు కన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపంలో మిషన్ ఆపడం మరిచి, కళ్ళు ధారగా కారుతుంటే అట్లాగే కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. బావ. నా ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఏడుస్తున్నవా?"

"లేదు బావా. పొగకు."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో కాగితాల కట్ట ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను గూడ అందరికి గట్లనే చెప్త" అన్నాడు.

నేను మిషన్ ఆపాను. లేచి పరదా పక్కకు గుంజి కిటికీ తెరిచాను. అది తెరిచి ఎన్నాళ్ళయిందో, జిగటగా పట్టుకుని కిర్రుమంది. బయటి గాలి దాని వాసనలన్నీ వేసుకుని లోపలికి వచ్చింది.

"గీ రూముల అందరి కండ్లకు నీల్లొస్తయ్. ఎవ్వరు ఎవ్వర్ని అడుగరు" అన్నాడు. "గందుకే గీడికొస్త."

మొదటిసారి నిజంగా పొగకే వచ్చాయట. తుడుచుకుంటుంటే పాప గుర్తొచ్చిందట, ఇక ఆగలేదట. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ పిల్ల కూడా కళ్ళు తుడుచుకుంటూ ఏసీని తిడుతున్నది. అప్పటి నుంచి మనసు బరువైనప్పుడల్లా ఏదో ఒక కాగితం పట్టుకుని వచ్చి, మిషన్ వైపు తిరిగి నిలబడి ఏడ్చి, మొహం తుడుచుకుని పోయేవాడు. పాప పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇంట్లో నన్ను చూస్తే భయమేసేదట, ఇద్దరూ పడిపోతే లేపేది ఎవరని.

ఇన్నాళ్ళూ నేను సవతి అనుకున్నది మనిషి కాదు, ఒక గది. చాయ్ రంగు పరదా ఉన్న ఆ గది నా బిడ్డకు రావాల్సిన ఏడుపులో సగం తాగింది. దాని మీద నాకు ఇప్పటికీ కండ్లమంటే.

అతను తన కుడి అరచెయ్యి చూసుకుంటున్నాడు.

"పాప కాలికి నువ్వు పెట్టిన సుక్క, ఎత్తుకపోయేటప్పుడు నా చేతికి అంటింది" అన్నాడు. "ఇంటికొచ్చి నల్ల కింద కడుక్కున్న. ఎందుకు కడుక్కున్ననే నేను?"

అప్పుడు ఏడ్చాడు. మిషన్ వైపు తిరగలేదు, నా వైపు తిరిగి ఏడ్చాడు. నోరు వంకర పోయి, ముక్కు కారుతూ, చిన్నప్పుడు మామయ్య కొడితే ఏడ్చినట్టు. నేను అతని చెయ్యి తీసుకుని అరచేతిని నా చెంపకు ఆనించుకున్నాను. ఆ మరక ఉండి ఉంటే ఆ చోటే ఉండేది.

"ఇగ ఏడ్వాలంటే ఇంటికొచ్చి ఏడువు" అన్నాను. "నా ముందట ఏడువు. ఈ గోడలకు ఇయ్యకు."

అతను తల ఊపాడు.

ఆ పిల్ల మోచేత్తో తలుపు నెట్టుకుని చాయ్ గ్లాసులతో లోపలికి వచ్చింది. మా ఇద్దరి ముఖాలు చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది, తన మాట నిజమని తేలినందుకు.

"సూసిండ్రా అక్కా, నేను చెప్పలే? మీగ్గూడ మండుతున్నయ్."

"అవునమ్మా, మస్తు మండుతున్నయ్" అన్నాను.

ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి, ఇక దీన్ని బాగు చేయించాల్సిందే అని మిషన్‌ను ఒక దెబ్బ కొట్టింది. అది ఆగిపోయి చాలాసేపయిందని ఆమె గమనించలేదు.